రెండూ కరిగేవే కదా అనుకున్నా!

ఇంటర్ రెండో సంవత్సరం కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో నాకిచ్చిన లవణాన్ని పావుగంటలో కనిపెట్టేశాను. బేరియం క్లోరైడ్ వేశాను, తెల్లని అవక్షేపం వచ్చింది, సల్ఫేట్ అని రాశాను. మార్కులు బాగానే పడ్డాయి. ఆ తర్వాత రెండేళ్లకు అదే సల్ఫేట్ మా అల్లం చేనులో ఎదురైతే గుర్తుపట్టలేకపోయాను. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి వచ్చిందే.

మాది మొగుడంపల్లి దగ్గర పల్లె. జహీరాబాద్ దాటి కర్ణాటక సరిహద్దు వైపు వెళ్తే వస్తుంది. ఎర్రనేలలు. చెరుకు, ఆలుగడ్డ, అల్లం మా పంటలు. మాకున్న ఎకరంన్నరలో ఆ ఏడాది అల్లం వేశాం, డ్రిప్పు మీద. దసరా సెలవులకు ఇంటికి వెళ్లేసరికి ఆకులు పచ్చబారి ఉన్నాయి. దుకాణంలో అడిగితే రెండు సంచులు ఇచ్చారు. ఒకటి కాల్షియం నైట్రేట్, రెండోది మెగ్నీషియం సల్ఫేట్. ఒక్కోటి ఐదు కిలోలు. నాయిన ఎప్పుడూ ఒకరోజు ఒకటి, రెండు రోజులాగి ఇంకోటి ఇచ్చేవాడు. నాకేమో సాయంత్రం బస్సు అందుకోవాలి. రెండూ ఒకే డ్రమ్ములో వేసేద్దాం అన్నాను.

"రెండూ ఒక్కసారి ఎయ్యొచ్చారా?"

"ఏం గాదు నాయినా. రెండూ నీళ్లల్ల కరిగేవే గదా."

రెండు వందల లీటర్ల డ్రమ్ము. మొదటి సంచి వేస్తే తేటగా కరిగిపోయింది. రెండోది వేయగానే నీళ్లు తెల్లబడ్డాయి. "ఏందిరా గిది, పాలు ఇరిగినట్టు అయితుంది?" అన్నాడు నాయిన. "కరుగుతది తియ్" అని కట్టెతో గిరగిరా కలిపి, వెంచురీ పైపు డ్రమ్ములో పెట్టి, బస్సెక్కేశాను.

మర్నాడు పొద్దున హాస్టల్‌కు ఫోన్. "సగం లైన్లకు చుక్క పడ్తలేదురా. ఫిల్టర్‌ల తెల్ల మడ్డి పేరుకున్నది." పక్క చేను పెద్దాయన డ్రిప్పు పైపుల్లోకి యాసిడ్ వదిలితే పోతుందని చెప్పాడట. వదిలారు. పోలేదు. ఆ మడ్డి కొంచెం గీకి పళ్లెంలో పెట్టి దాని మీద యాసిడ్ వేసి చూశాడట నాయిన. "బుగ్గ గూడ రాలేదు బిడ్డా" అన్నాడు.

ఆ ఒక్క మాటలోనే జవాబు ఉంది. అది నాకు అర్థం కావడానికి నోట్‌బుక్ తీసి కూర్చోవాల్సి వచ్చింది. ఆ రోజు కాగితం మీద వేసుకున్న లెక్కే ఇప్పుడు మీకు చెప్తాను. మనలో చాలామందికి "ఏ లవణానికి ఏ రంగు" అన్నది నోటికి వచ్చు. రెండు ఉప్పునీళ్లు కలిపితే ఏం జరుగుతుందో ముందే ఊహించడం మాత్రం రాదు. అది కష్టమేం కాదు.

ఉప్పు నీళ్లలో పడితే

మొదట ఒక పొరపాటు దిద్దుకోవాలి. కాల్షియం నైట్రేట్ నీళ్లలో కరిగాక అక్కడ "కాల్షియం నైట్రేట్" అనేది ఉండదు. కాల్షియం అయాన్లు వేరు, నైట్రేట్ అయాన్లు వేరు. ఎవరి దారి వాళ్లది. మెగ్నీషియం సల్ఫేట్ కూడా అంతే. కాబట్టి రెండు ద్రావణాలు కలిపినప్పుడు డ్రమ్ములో ఉండేవి రెండు లవణాలు కాదు, నాలుగు రకాల అయాన్లు. జాతరలో నాలుగు ఊళ్ల జనం కలిసినట్టు. ఎవరు ఎవరితో వచ్చారన్నది అక్కడ లెక్కలోకి రాదు.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ నలుగురిలో ఏ ఇద్దరైనా కలిస్తే ద్రావణంలోంచి బయటికి వెళ్లిపోతారా? వెళ్లకపోతే చర్య లేదు. వంటుప్పు నీళ్లలో పొటాషియం నైట్రేట్ నీళ్లు పోస్తే సోడియం, పొటాషియం, క్లోరైడ్, నైట్రేట్ నాలుగూ అలాగే తిరుగుతుంటాయి. కాగితం మీద మాత్రం మనం "సోడియం నైట్రేట్, పొటాషియం క్లోరైడ్ ఏర్పడ్డాయి" అని సమీకరణం రాసి, సరితూచి, కింద గీత గీస్తాం. గ్లాసులో జరిగింది శూన్యం. "చర్య జరగలేదు" అన్నది కూడా సరైన జవాబే అని మనకు ఎవరూ గట్టిగా చెప్పరు.

బయటికి వెళ్లే దారులు మూడు. కింద కూర్చోవడం, పైకి ఎగిరిపోవడం, జతకట్టి దాక్కోవడం. ఈ మూడూ కాక నాలుగోది ఇంకొకటి ఉంది, ఎలక్ట్రాన్ చేతులు మారడం. ఉప్పు ద్రావణాల మధ్య జరిగే చర్యలు దాదాపు అన్నీ ఈ నాలుగింట్లో ఎక్కడో ఒకచోట పడతాయి.

ఒకటి: కింద కూర్చోవడం

పదో తరగతిలో చదివిన రసాయన ద్వంద్వ వియోగం ఇదే. రెండు అయాన్లు కలిసి నీళ్లలో కరగని ఘనపదార్థం అవుతాయి. సిల్వర్ నైట్రేట్‌లో ఉప్పునీళ్లు పోస్తే తెల్లగా, లెడ్ నైట్రేట్‌లో పొటాషియం అయొడైడ్ పోస్తే పసుపుగా దిగేది ఈ రకమే. తెలుగులో దీన్ని అవక్షేపం అంటాం. "అవ" అంటే కిందికి, "క్షేపం" అంటే వేయడం. కిందికి పడేసినది. మా నాయిన భాషలో మడ్డి.

ఏది కూర్చుంటుందో తెలియాలంటే పెద్ద పట్టిక బట్టీ పట్టక్కర్లేదు. ఇంత గుర్తుంటే చాలు:

సోడియం, పొటాషియం, అమ్మోనియం లవణాలూ, నైట్రేట్లూ కరుగుతాయి. వీటి గురించి దిగులు అక్కర్లేదు.

క్లోరైడ్లు కరుగుతాయి, వెండి, సీసం, మెర్క్యురస్ క్లోరైడ్లు తప్ప.

సల్ఫేట్లు కరుగుతాయి, బేరియం, స్ట్రాన్షియం, సీసం తప్ప. కాల్షియం సల్ఫేట్ కొద్దిగానే కరుగుతుంది.

కార్బొనేట్లు, ఫాస్ఫేట్లు, హైడ్రాక్సైడ్లు చాలావరకు కరగవు. మొదటి వరుసలోని సోడియం బాపతు వాటికి మినహాయింపు.

ఇప్పుడు మా డ్రమ్ముకు వద్దాం. కాల్షియం, నైట్రేట్, మెగ్నీషియం, సల్ఫేట్. కొత్తగా కలవగల జంటలు రెండు. మెగ్నీషియంతో నైట్రేట్, కరుగుతుంది, వదిలేయండి. కాల్షియంతో సల్ఫేట్, ఇదిగో దొరికింది. దాన్నే జిప్సం అంటాం. మెగ్నీషియం, నైట్రేట్ అయాన్లు ఈ తతంగం మొత్తంలో ప్రేక్షకులు. అసలు చర్య కాల్షియం, సల్ఫేట్ మధ్యనే.

"కొద్దిగా కరుగుతుంది" అంటే ఎంత? లీటరు నీళ్లలో సుమారు రెండున్నర గ్రాముల జిప్సం. రెండు వందల లీటర్ల డ్రమ్ము అరకిలో దాకా మోయగలదు. మేమెంత తయారుచేశాం? 5 కిలోల మెగ్నీషియం సల్ఫేట్‌ను దాని అణుభారం 246తో భాగిస్తే దాదాపు 20 మోల్స్ సల్ఫేట్. ఎరువుగా అమ్మే కాల్షియం నైట్రేట్‌లో సుమారు 19 శాతం కాల్షియం ఉంటుంది, 5 కిలోల్లో 950 గ్రాములు, అంటే దాదాపు 24 మోల్స్. తక్కువగా ఉన్నది సల్ఫేట్, కాబట్టి 20 మోల్స్ జిప్సం. ఒక్కో మోల్ 172 గ్రాములు. మొత్తం 3.4 కిలోలు. అరకిలో కరిగిందనుకున్నా, మూడు కిలోల దాకా అడుగున కూర్చోవాల్సిందే. నేను కట్టెతో ఎంతసేపు తిప్పినా కరిగేది కాదు. పదికిలోల మందు కొని, అందులోంచి మూడు కిలోల జిప్సం చేసి, సూదిమొన రంధ్రాలున్న పైపుల్లోకి పంపానన్నమాట.

ఇక్కడే ఇంకో సంగతి. ఇదే జంటను లీటరు మంచినీళ్లలో ఒక్కో గ్రాము చొప్పున కలిపితే నీళ్లు తేటగానే ఉంటాయి. అంత పలుచగా ఉన్నప్పుడు జిప్సం కూర్చునేంత మోతాదు లేదు. అందుకే "ఈ రెండూ కలిపితే అవక్షేపం వస్తుందా?" అని అడిగితే, "ఎంతలో ఎంత?" అని తిరిగి అడగాలి. మా డ్రమ్ములో లీటరుకు పాతిక గ్రాములు చొప్పున పడ్డాయి.

రెండు: ఎగిరిపోవడం

కొన్ని జంటలు వాయువై పోతాయి. అమ్మోనియం లవణంలో వాషింగ్ సోడా వేసి వేడిచేస్తే ముక్కుకు ఘాటుగా తగిలేది అమ్మోనియా. కార్బొనేట్ మీద ఆమ్లం పడితే బుసబుస పొంగేది కార్బన్ డయాక్సైడ్.

రెండు ఉప్పులతోనే చూడాలంటే పటిక నీళ్లలో వంటసోడా నీళ్లు పోయండి. నురగ వస్తుంది, అడుగున జిగురులాంటి తెల్లని మడ్డి కూడా దిగుతుంది. పటికలోని అల్యూమినియం అయాన్ నీళ్లను కొంచెం ఆమ్లంగా చేస్తుంది, ఆ ఆమ్లత్వం బైకార్బొనేట్‌ను వాయువుగా మారుస్తుంది, అల్యూమినియం హైడ్రాక్సైడ్ అయి కూర్చుంటుంది. పాతకాలం నురగ అగ్నిమాపక యంత్రాలు పనిచేసింది అల్యూమినియం సల్ఫేట్, సోడియం బైకార్బొనేట్ ద్రావణాల ఈ చర్యతోనే. ఒకే గ్లాసులో రెండు రకాల చర్యలు ఉండొచ్చని కూడా ఇది చెప్తుంది. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ల కోసం నీరి శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన "నల్లగొండ పద్ధతి"లోనూ పనిచేసేది ఈ అల్యూమినియం మడ్డే. పటిక, సున్నం వేస్తే ఏర్పడే ఆ జిగురు తునకలు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతాయి. మా పైపులు మూసిన మడ్డి లాంటిదే ఒకటి ఇంకోచోట తాగేనీళ్లను బాగుచేసింది.

మూడు: దాక్కోవడం

ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో పొటాషియం థయోసయనేట్ చుక్క వేస్తే రక్తంలా ఎర్రబడుతుంది. అడుగున ఏమీ దిగదు, బుడగ రాదు. ఇనుము, థయోసయనేట్ కలిసి సంక్లిష్ట అయాన్‌గా జతకట్టి ద్రావణంలోనే ఉంటాయి. రంగు మారిందంటే కచ్చితంగా అవక్షేపమే అనుకునేవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు. దీపం వెలుగులో గ్లాసు పట్టుకుని చూడండి. అవతలివైపు వేలు స్పష్టంగా కనిపిస్తే అది రంగునీళ్లు, మసకబారితే మడ్డి.

నాలుగు: ఎలక్ట్రాన్ చేతులు మారడం

ఆక్సీకరణ, క్షయకరణ జంట. పైమూడింట్లో అయాన్ల మీది ఆవేశం మారదు, జోడీ మాత్రమే మారుతుంది. ఇందులో ఆవేశమే మారుతుంది. ఫెర్రిక్ క్లోరైడ్, పొటాషియం అయొడైడ్ కలిస్తే గోధుమరంగులో అయొడిన్ బయటపడుతుంది. ఫెర్రిక్ ఫెర్రస్ అవుతుంది, అయొడైడ్ అయొడిన్ అవుతుంది.

దీనికి మా దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. జహీరాబాద్ నుంచి బీదర్ ఎంతో దూరం లేదు. అక్కడి బిద్రీ పనివాళ్లు ఎక్కువ జింకు, కొద్దిగా రాగి కలిపి పాత్ర పోస్తారు. నునుపు చేశాక దానికి మైలుతుత్తం ద్రావణం రుద్దుతారు. తెల్లని లోహం నల్లబడుతుంది, ఆ నలుపు మీద ఉలితో గీసిన గీత మెరుస్తూ కనిపిస్తుంది. ఆ తాత్కాలిక నలుపు ఏమిటి? జింకు తన ఎలక్ట్రాన్లను రాగి అయాన్‌కు ఇచ్చి తాను కరిగింది, రాగి సన్నని పొడిగా పైన పేరుకుంది. మన పుస్తకంలో జింకు, కాపర్ సల్ఫేట్ స్థానభ్రంశ చర్య అని ఉండేది ఇదే.

మా నాయిన కొడవలి

ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉంటే నాకు ఒకటి తట్టింది. ఈ చర్యలు గుర్తుపట్టడం మా నాయినకు నాకంటే ముందే వచ్చు.

అల్లానికి దుంపకుళ్లు వస్తే ఆయన బోర్డో మిశ్రమం కలిపేవాడు. వంద లీటర్ల నీళ్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం. విడివిడిగా ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కరిగించి కలిపితే లేత నీలంరంగు మడ్డి తయారవుతుంది. ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటల తెగులుకు మిలార్డె అనే ఆచార్యుడు 1885లో ప్రకటించిన మందు ఇది. ఇందులో అవక్షేపమే మందు. మైలుతుత్తం ఒట్టిగా పోస్తే మొక్క మాడిపోతుంది. సున్నంతో కలిసి మడ్డిగా మారితే రాగి కొద్దికొద్దిగా విడుదలై బూజును చంపుతుంది.

కలిపాక నాయిన కొడవలి మొన ఆ మందులో కాసేపు ముంచి తీసేవాడు. ఇనుము మీద ఎర్రటి పూత కనిపిస్తే "ఇంక సున్నం తక్వైంది" అని ఇంకొంచెం పోసేవాడు. ఆలోచించి చూడండి. రాగి అంతా అవక్షేపంగా మారితే కొడవలికి ఏమీ అంటదు. ఇంకా రాగి అయాన్లు ద్రావణంలో మిగిలి ఉంటే ఇనుము వాటిని లోహంగా లాగేస్తుంది, ఎర్రపూత వస్తుంది. అంటే ఒకటో రకం చర్య పూర్తయిందో లేదో నాలుగో రకం చర్యతో పరీక్షిస్తున్నాడు. ఆ పేర్లు ఆయనకు తెలియవు. నాకు పేర్లు తెలుసు, ఆ అలవాటు లేదు. డ్రమ్ము తెల్లబడగానే "పాలు ఇరిగినట్టు అయితుంది" అన్నది ఆయనే. ప్రశ్న సరిగ్గా వేశాడు. జవాబు చెప్పాల్సినవాడు బస్సు టైం చూసుకున్నాడు.

బుగ్గ రాలేదంటే

ఇక యాసిడ్ సంగతి. పైపుల్లో తెల్ల మడ్డి అంటే అందరికీ ఒకటే అనిపిస్తుంది, కానీ మా ప్రాంతంలో అది మూడు రకాలుగా ఉండొచ్చు.

బోరునీళ్లలోని గట్టిదనం వల్ల పేరుకునేది కాల్షియం కార్బొనేట్. యాసిడ్ వేస్తే బుడగలొచ్చి కరుగుతుంది.

కాల్షియం నైట్రేట్‌ను ఫాస్ఫేట్ ఎరువుతో, ఉదాహరణకు 12-61-0తో కలిపితే వచ్చేది కాల్షియం ఫాస్ఫేట్. యాసిడ్‌లో బుడగలు లేకుండా కరుగుతుంది.

సల్ఫేట్‌తో కలిపితే వచ్చేది జిప్సం. బుడగలు రావు, పలచటి యాసిడ్‌లో కరగదనే చెప్పాలి.

ల్యాబులో సల్ఫేటా, కార్బొనేటా అని తేల్చడానికి బేరియం అవక్షేపం మీద ఆమ్లం వేసి చూసేదీ ఇందుకే. నేను మార్కుల కోసం చేసింది నాయిన పళ్లెంలో చేశాడు. పక్క చేను పెద్దాయన సలహా తప్పు కాదు, ఆయన చూసిన మడ్డి కార్బొనేట్ అయి ఉంటుంది. రకం తెలియకుండా మందు వేయడమే తప్పు. అప్పటికే పైపుల్లో వదిలిన యాసిడ్ ఖర్చు వృథా.

మరి చేసిందేమిటి? ఫిల్టర్ విప్పి బ్రష్‌తో కడిగాం. లేటరల్స్ చివర మూతలు తీసి ఒట్టి నీళ్లు గంటలకొద్దీ వదిలాం. జిప్సం కొద్దికొద్దిగానైనా నీళ్లలో కరుగుతుంది కాబట్టి సగం మూసుకున్నవి తెరుచుకున్నాయి. పూర్తిగా మూసుకున్న వాటికి నీళ్లే పోవు కనుక కరిగే దారి లేదు. ఆ లైన్లు మార్చాల్సి వచ్చింది. ఆ లోపు ఎండిన వరుసల్లో దుంప సరిగ్గా ఊరలేదు. నాయిన ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కలిపే ముందు

ఇంట్లో డ్రిప్పు ఉన్నవాళ్లు, లేదా ల్యాబ్ పరీక్ష ఉన్నవాళ్లు, ఎవరికైనా పద్ధతి ఒకటే. ముందు అయాన్లు విడదీసి రాయండి. కొత్త జంటలు చూడండి. కరగని జంట ఉందా, వాయువయ్యే జంట ఉందా, సంక్లిష్టం కట్టే జంట ఉందా, ఎలక్ట్రాన్ ఇచ్చేవాడూ తీసుకునేవాడూ ఉన్నారా? నాలుగింటికీ లేదు అని వస్తే చర్య లేదు. బకెట్ చల్లబడిందని చర్య అనుకోకండి, యూరియా ఊరికే కరిగినా చల్లబడుతుంది.

తర్వాత గాజు సీసాలో లీటరు మీ బోరునీళ్లే పోసి, డ్రమ్ములో వేయబోయే నిష్పత్తిలోనే కలిపి, గంటో రెండు గంటలో కదపకుండా ఉంచండి. తేటగా ఉంటేనే డ్రమ్ములోకి. గ్రీన్‌హౌస్‌లలో ఒక ట్యాంకులో కాల్షియం, ఇంకో ట్యాంకులో సల్ఫేట్లు, ఫాస్ఫేట్లు విడిగా ఎందుకు పెడతారో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఒక హెచ్చరిక. డ్రిప్పు పైపుల్లో పాచికి బ్లీచింగ్ పౌడర్, మడ్డికి యాసిడ్ వాడతారు. ఆ రెండూ ఒకేచోట కలవకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది. బాత్‌రూమ్ కడిగేటప్పుడు కూడా అంతే. ఇది ప్రాణం తీయగల చర్య. యాసిడ్ పలుచన చేసేటప్పుడు నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు.

ఈసారి సంక్రాంతికి వెళ్లినప్పుడు బోరు మోటారు దగ్గర కిటికీలో రెండు గాజు సీసాలు కనిపించాయి. ఒకదాంట్లో తేటనీళ్లు, ఒకదాంట్లో అడుగున వేలెడు తెల్ల మడ్డి. పక్క చేను పెద్దాయన కొత్తమందు తెచ్చి "గిది కలపొచ్చా" అని అడిగాడట. నాయిన కలిపి పెట్టి, పొద్దుగూకినంక వచ్చి చూసుకొమ్మని పంపాడట.

"ఏమని చెప్పినవ్ నాయినా?"

"ఏం జెప్పలే. సీసా సూపిచ్చిన."